కంపెనీ ఐపీ పెడితే మన జీతం ఏ వరుసలో?

'ఫలానా ఆయన ఐపీ పెట్టిండు' అనే మాట మన ఊళ్లలో తెలియనివారు ఉండరు. చిట్టీలు నడిపిన పెద్దమనిషో, పత్తి మిల్లు యజమానో ఒకరోజు ఇంటికి తాళం వేసి కోర్టులో దివాలా పిటిషన్ వేస్తాడు. తెల్లారేసరికి ఆ ఇంటి ముందు జనం గుమిగూడతారు. ఆ జనంలో బ్యాంకు మేనేజరు మాత్రం కనిపించడు. మిల్లు దస్తావేజులు ఆయన బీరువాలోనే ఉంటాయి, ఆయనకు తొందర లేదు. నెత్తీనోరూ కొట్టుకునేది ప్రోనోటు మీద, నోటిమాట మీద డబ్బిచ్చినవాళ్లే. అగ్రిగోల్డ్ డిపాజిటర్ల గోస కూడా ఇదే. చేతిలో కాగితం ఉంది, దాని వెనక తాకట్టు లేదు.

సౌదీలో ఒక కంపెనీ దివాలా తీసినప్పుడు ఆ ఇంటి ముందు నిలబడే జనంలో మనం కూడా ఉంటాం. ఈ సంగతి చాలామందికి తట్టదు. నెలంతా పని చేసి, జీతం నెలాఖరున తీసుకుంటున్నామంటే ఆ నెల రోజులు మనం కంపెనీకి అప్పిచ్చినట్టే లెక్క. పదేళ్ల సర్వీసు డబ్బు కంపెనీ దగ్గరే ఉందంటే పదేళ్లుగా అప్పిస్తూనే ఉన్నట్టు. ఈ అప్పుకు వడ్డీ లేదు, తాకట్టు లేదు, ప్రోనోటు కూడా లేదు.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, సౌదీ తూర్పు ప్రాంతంలో సైట్ సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. 2020లో మేము పనిచేస్తున్న కంపెనీ కోర్టుకెక్కింది. నాకు నాలుగు నెలల జీతం బాకీ. నా కింద పనిచేసే షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన, నిజామాబాద్ జిల్లా వాసి, సాయంత్రం నా గదికొచ్చి అడిగాడు. 'అన్నా, కంపెనీ ఐపీ పెట్టిందట గదా. మన పైసలు వస్తయా, పోతయా? ఉన్నదున్నట్టు చెప్పు.' ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కాగితాల వెంట, ఆఫీసుల వెంట తిరిగితే తెలిసిన సంగతులే ఈ వ్యాసం.

2016లో ఏం జరిగింది?

2014 మధ్యలో బ్యారెల్ ముడి చమురు ధర వంద డాలర్ల పైన ఉండేది. 2016 జనవరికి అది ముప్పై డాలర్ల కిందికి పడిపోయింది. సౌదీ ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకుంది, కాంట్రాక్టర్లకు బిల్లులు ఆగిపోయాయి. బిల్లు ఆగితే మొదట ఆగేది సిమెంటు లారీ కాదు, కూలివాడి జీతం. సిమెంటు సప్లయర్ డబ్బివ్వకపోతే లారీ పంపడు. కూలివాడు మాత్రం వచ్చే నెలైనా ఇస్తారేమోనని పనికొస్తాడు.

ఆ ఏడాది బిన్‌లాదిన్ గ్రూపు 77 వేల మంది విదేశీ కార్మికులను తీసేసిన వార్త వచ్చింది. మక్కాలో కంపెనీ బస్సులు తగలబడ్డాయి. లెబనాన్ ప్రధానిగా పనిచేసిన రఫీక్ హరీరీ 1978లో స్థాపించిన సౌదీ ఓజర్ కంపెనీలో నెలల తరబడి జీతాలు లేవు, చివరికి మెస్సులు కూడా మూతపడ్డాయి. సౌదీలో పది వేల మందికి పైగా భారతీయులు తిండికి ఇబ్బంది పడుతున్నారని 2016 జులై నెలాఖరులో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ స్వయంగా ప్రకటించారు. సహాయ మంత్రి వీకే సింగ్ జెద్దాకు వచ్చారు. సమస్య పరిష్కారానికి సౌదీ రాజు పది కోట్ల రియాళ్లు కేటాయించారు. ఇకామా గడువు ముగిసినవారికి కూడా ఎగ్జిట్ ఇచ్చారు, విమాన టికెట్లు ఉచితంగా ఇచ్చారు.

ఇది గొప్ప సాయమే, కాదనలేం. అయితే ఇంటికి చేర్చడం వేరు, జీతం ఇప్పించడం వేరు. క్లెయిమ్ నమోదు చేసి వచ్చేయండి, మూతపడిన కంపెనీల లెక్కలు తేలడానికి సమయం పడుతుందని ప్రభుత్వం చెప్పింది. చాలామంది అలాగే విమానం ఎక్కారు. 2017 జులై 31న సౌదీ ఓజర్ పూర్తిగా మూతపడింది.

ఆ రోజుల్లో సౌదీలో ఆధునికమైన దివాలా చట్టం లేదు. ఎవరి బాకీ ముందు, ఎవరిది వెనక అన్నది సామాన్యుడికి అర్థమయ్యేలా ఒకచోట రాసి లేదు. అందుకే కంపెనీ మునిగితే బ్యాంకులు ఒకవైపు, సప్లయర్లు ఒకవైపు, కార్మికులు లేబర్ ఆఫీసు మెట్ల మీద.

2018 చట్టం

సౌదీ ప్రభుత్వం 2018 ఫిబ్రవరిలో కొత్త దివాలా చట్టాన్ని ఆమోదించింది. అదే ఏడాది ఆగస్టు నుంచి అది అమల్లోకి వచ్చింది. దీని పర్యవేక్షణకు 'ఈసార్' అనే దివాలా కమిషన్ ఉంది. కేసులు వాణిజ్య కోర్టులో నడుస్తాయి. ఈ చట్టంలో ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, రక్షణతో కూడిన ఒప్పందం. కంపెనీ తన యాజమాన్యాన్ని తన చేతిలోనే ఉంచుకుని, అప్పులవాళ్లతో వాయిదాలు మాట్లాడుకుంటుంది. రెండోది, ఆర్థిక పునర్వ్యవస్థీకరణ. ఇందులో కోర్టు ఒక 'అమీన్'ను, అంటే ధర్మకర్తను నియమిస్తుంది. కంపెనీ నడుస్తూనే ఆయన కళ్ల ముందు అప్పుల లెక్క తేల్చుకుంటుంది. మూడోది లిక్విడేషన్. అంటే ఉన్నవన్నీ అమ్మేసి, వచ్చిన డబ్బు పంచి, కంపెనీకి తాళం వేయడం.

మనవాళ్లు ఈ మూడింటినీ కలిపి 'కంపెనీ పోయింది' అంటారు. అది సరికాదు. మొదటి రెండు దారుల్లో కంపెనీ బతికే ఉంటుంది. నడుస్తున్న పనికి నెలనెలా జీతం రావాల్సిందే. అప్పుల పట్టికలోకి వెళ్లేది పాత బాకీ మాత్రమే. 'కేసు నడుస్తోంది, అప్పటిదాకా జీతాలు లేవు' అని క్యాంప్ బాస్ చెబితే నమ్మనక్కర్లేదు.

వరుస ఇలా ఉంటుంది

2005 నాటి సౌదీ కార్మిక చట్టం 19వ అధికరణం ప్రకారం కార్మికుడికి రావాల్సిన సొమ్ము మొదటి శ్రేణి బాకీ. యజమాని దివాలా తీస్తే కోర్టు ఖర్చుల కంటే ముందే ఒక నెల జీతం కార్మికుడి చేతిలో పెట్టాలని కూడా అందులో ఉంది. ఇది చదివి చాలామంది 'ముందు మనకే ఇస్తారు' అని ధీమాగా ఉంటారు.

2018 దివాలా చట్టంలో వరుస చూస్తే లెక్క మారుతుంది. స్థూలంగా చెప్పాలంటే, ముందు వరుస తాకట్టు ఉన్నవాళ్లది. కంపెనీ స్థలం, క్రేన్లు, వాహనాలు రాయించుకుని అప్పిచ్చిన బ్యాంకులన్న మాట. ఆ తర్వాత, దివాలా నడుస్తుండగా కోర్టు అనుమతితో తాకట్టు మీద తెచ్చిన కొత్త అప్పు. ఆ తర్వాత కార్మికులకు 30 రోజుల జీతం. అప్పులపాలైనవాడు వ్యక్తి అయితే అతని కుటుంబ ఖర్చులు, వ్యాపారం ఆగకుండా నడవడానికి అయ్యే ఖర్చులు ఆ వెనక. అవన్నీ తీరాక కార్మికుల పాత జీతం బాకీలు. దాని తర్వాత తాకట్టు లేని మామూలు అప్పులు. అందరికంటే చివర ప్రభుత్వానికి రావాల్సిన తాకట్టు లేని ఫీజులు, పన్నులు.

ఒక లెక్క చూద్దాం. నెలకు 1,200 రియాళ్ల మీద ఎనిమిదేళ్లు పనిచేసిన మేస్త్రీని కంపెనీ తీసేసింది. నాలుగు నెలల జీతం బాకీ, అంటే 4,800 రియాళ్లు. సర్వీసు డబ్బు మొదటి అయిదేళ్లకు ఏడాదికి అర నెల జీతం చొప్పున 3,000, తర్వాతి మూడేళ్లకు ఏడాదికి నెల జీతం చొప్పున 3,600. అన్నీ కలిపితే 11,400 రియాళ్లు. ఇందులో ముందు వరుసల్లో నిలబడేది 30 రోజుల జీతం, అంటే 1,200 మాత్రమే. మిగతాది వెనక వరుసలో. బ్యాంకులు తమ తాకట్టు పట్టుకుపోయాక మిగిలినదాంట్లోంచే అది రావాలి.

కాబట్టి కార్మికుడు సిమెంటు సప్లయర్ కంటే ముందు, బ్యాంకు కంటే వెనక. పూర్తిగా అనాథ కాదు, అలాగని మొదటివాడూ కాదు. ఆ కార్పెంటర్ అడిగిన ప్రశ్నకు నిజాయితీ గల జవాబు ఇదే.

ఇక్కడ మన దేశపు చట్టంతో పోల్చి చూడాలి. 2016లో వచ్చిన ఇన్‌సాల్వెన్సీ, బ్యాంక్రప్టసీ కోడ్ 53వ సెక్షన్ కింద, లిక్విడేషన్‌లో కార్మికుల 24 నెలల బాకీలు, తాకట్టును ఉమ్మడి ఖాతాకు వదులుకున్న బ్యాంకులతో సమానమైన వరుసలో ఉంటాయి. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల సొమ్ము అసలు పంపకంలోకే రాదు, అది కార్మికుడిదే. సౌదీలో మన సర్వీసు డబ్బుకు అలా పక్కన పెట్టిన నిధి లేదు. అది కంపెనీ పుస్తకంలో ఒక అంకె మాత్రమే. కంపెనీ మునిగితే ఆ అంకె కూడా మునుగుతుంది.

మ్యాన్‌పవర్ ఇకామా మీద ఉన్నవాళ్ల సంగతి

మనవాళ్లలో చాలామంది పెద్ద కంపెనీ సైట్లో పని చేస్తారు. హెల్మెట్ మీద, జాకెట్ మీద ఆ కంపెనీ పేరే ఉంటుంది. ఇకామా మాత్రం ఏదో చిన్న మ్యాన్‌పవర్ సప్లై సంస్థది. ఇలాంటివారు ముఖ్యంగా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. పెద్ద కంపెనీ దివాలా తీస్తే చట్టం దృష్టిలో మీరు దాని కార్మికులు కారు. దానికి అప్పిచ్చినవాడు మీ సప్లయర్. అతను నిలబడేది తాకట్టు లేని అప్పుల వరుసలో, అంటే సొంత కార్మికుల జీతాల వెనక.

మీ జీతం బాకీ మీ సప్లయర్ మీదే ఉంటుంది. 'పెద్ద కంపెనీ నాకివ్వలేదు, నేను మీకెక్కడినుంచి ఇవ్వాలి?' అని అతను చేతులెత్తేస్తాడు. ఆ మాట చట్టం ముందు నిలవదు. ఇకామా మీద పేరున్న యజమానిదే జీతం బాధ్యత. మీ ఫిర్యాదు అతని మీదే వెయ్యాలి. పెద్ద కంపెనీ మీద వేసి ఏడాది పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను.

ఇక ఆజాద్ వీసా మీద వచ్చి రోజుకొక చోట పనిచేసేవారి పరిస్థితి ఇంకా కష్టం. ఇకామా ఒకరిది, పని ఇంకొకరిది, కాంట్రాక్టు కాగితం ఎవరిదీ కాదు. బాకీ ఉందని రుజువు చేయడమే పెద్ద పని. వరుసలో చోటు దొరకడం ఆ తర్వాతి మాట.

పునర్వ్యవస్థీకరణ అంటే ఎవరికి లాభం?

అప్పుల పునర్వ్యవస్థీకరణ అంటే, ఊరి భాషలో పంచాయితీ పెట్టి 'అసలులో ఇంత వదులుకోండి, మిగతాది ఇన్ని వాయిదాల్లో తీసుకోండి' అని ఒప్పించడం. కోర్టు ముందు ఇది ఓటుతో జరుగుతుంది. అప్పులవాళ్లను వర్గాలుగా విడదీస్తారు. ప్రతి వర్గంలో ఓటు తలలను బట్టి కాదు, బాకీ మొత్తాన్ని బట్టి. మొత్తం విలువలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే ప్రణాళిక నెగ్గినట్టు. కోర్టు ముద్ర పడ్డాక, ఒప్పుకోనివాళ్లు కూడా దానికి కట్టుబడాలి.

ఈలోగా కంపెనీ ఆస్తుల మీద జప్తులు, వసూళ్లు కొంతకాలం ఆగిపోతాయి. లేబర్ కోర్టులో తీర్పు చేతికొచ్చినా, అది వెంటనే డబ్బు కాదు. ఆ తీర్పు పట్టుకుని మళ్లీ దివాలా పట్టికలో చేరాలి.

ఇది అన్యాయమా? పూర్తిగా కాదు. తొందరపడి అందరూ తలో క్రేన్ పట్టుకుపోతే సైటు ఆగిపోతుంది, ఆఖరికి ఎవరికీ ఏమీ మిగలదు. కంపెనీ బతికితే బాకీ వచ్చే ఆశ, ఉద్యోగం నిలిచే ఆశ రెండూ ఉంటాయి. అయితే బ్యాంకుకు ఆగే ఓపిక ఉంది, మనకు లేదు. అప్పును వాటాలుగా మార్చుకుందామంటే పెద్ద రుణదాత సరేనంటాడు. రెండు నెలల జీతానికి బదులు కంపెనీ వాటా ఇస్తామంటే కూలివాడు ఏం చేసుకుంటాడు?

ఎంతకాలం పడుతుందో చెప్పడానికి ఖోబార్ కేసులు చాలు. 2009లో అక్కడి రెండు పెద్ద వ్యాపార సంస్థలు, అల్ గొసైబీ, సాద్ గ్రూపులు, బ్యాంకుల అప్పులు కట్టలేక చేతులెత్తేశాయి. అల్ గొసైబీ కేసు కొత్త చట్టం కింద 2019లో దమ్మామ్ వాణిజ్య కోర్టుకు చేరింది. అప్పులవాళ్లు ప్రణాళికకు ఓటు వేసింది 2021లో. అంటే పన్నెండేళ్లు. సాద్ గ్రూపు యజమాని మాన్ అల్ సానియా 2017లో నిర్బంధంలోకి వెళ్లారు, 2018లో ఆయన ఆస్తుల వేలం మొదలైంది. అంతర్జాతీయ బ్యాంకులు లండన్, న్యూయార్క్ లాయర్లను పెట్టుకుని కూడా పదేళ్లకు పైగా తిరిగాయి. మన దగ్గర లాయరూ లేడు, పదేళ్లూ లేవు.

ఇంటి దగ్గర వడ్డీ ఆగదు

కంపెనీకి కోర్టు గొడుగు పడుతుంది. ఆ కంపెనీ కూలివాడికి ఊళ్లో ఏ గొడుగూ లేదు. వీసాకని రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చినవాడికి నెలకు నాలుగు వేలు వడ్డీయే. యాభై నెలలు గడిస్తే వడ్డీ అసలంత అవుతుంది. కంపెనీ అప్పులు ఆగిన రోజు నుంచి ఇతని అప్పు పరుగెత్తుతుంది. అప్పిచ్చినాయన ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటే, 'సౌదీలో కంపెనీ పునర్వ్యవస్థీకరణలో ఉంది' అని ఇంటావిడ చెప్పగలదా?

1920 నాటి ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కూలివాడు కూడా ఐపీ పెట్టొచ్చు. ఊళ్లో పరువు పోతుందని పెట్టడు. ఇల్లు అమ్ముతాడు, లేదా ఇంకో దేశానికి ఇంకో వీసా కొంటాడు, మళ్లీ అప్పు చేసి. ఒక పెద్ద కంపెనీ తాకట్టు లేని అప్పులు ఎగ్గొడితే ఆ భారం చివరికి చేరేది జగిత్యాల, సిరిసిల్ల, కడప పల్లెల్లో ప్రోనోట్ల మీదికి.

మెస్సు గోడ మీద కాగితం

మా కంపెనీ సంగతికి వస్తాను. కోర్టు పునర్వ్యవస్థీకరణకు అనుమతించాక మా మెస్సు గోడ మీద అరబీలో ఒక కాగితం అంటించారు. మూడు వారాలు అందరం దాని ముందే ప్లేట్లు కడుక్కున్నాం. నీళ్లు వృథా చేయొద్దన్న నోటీసు అనుకున్నాం. ఒకరోజు మా మలయాళీ టైమ్‌కీపర్ చదివి అదిరిపోయాడు. బాకీ ఉన్నవాళ్లంతా ఫలానా తేదీలోగా అమీన్‌కు క్లెయిమ్ ఇవ్వాలన్న ప్రకటన అది. చట్టం ప్రకారం ఆ గడువు 90 రోజులకు మించదు.

ఆ రాత్రి నుంచి టైమ్‌కీపర్, నేను కూర్చుని ఒక్కొక్కరి పేరు, ఇకామా నంబరు, చేరిన తేదీ, బాకీ నెలలు, సర్వీసు లెక్క రాయడం మొదలుపెట్టాం. క్యాంపులో ఉన్నవాళ్లందరి క్లెయిములు గడువులోగా చేరాయి. కష్టమంతా అప్పటికే ఎగ్జిట్ మీద వెళ్లిపోయినవారితో వచ్చింది. కొందరి ఫోన్లు కలవలేదు. కలిసినవారిలో కొందరు వెళ్లేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టామన్నారు. ఏ కాగితమని అడిగితే 'ఏమో అన్నా, పాస్‌పోర్టు ఇస్తమంటే పెట్టినం' అన్నారు. తీరా చూస్తే 'నాకు రావాల్సినవన్నీ ముట్టాయి' అన్న రసీదు అది.

మాకు ముప్పై రోజుల జీతం ముందు వచ్చింది. మిగతాది వాయిదాల మీద, చాలా ఆలస్యంగా. సంతకం పెట్టి వెళ్లినవాళ్ల పేర్లు పట్టికలోకి రాలేదు. అందులో నా కింద ఆరేళ్లు పనిచేసిన బార్ బెండర్ ఒకతను ఉన్నాడు. అతనికి నేను ఇప్పటికీ సరిగా ఫోన్ చేయలేను. ఆ కాగితం మూడు వారాల ముందే చదివి ఉంటే, అతను విమానం ఎక్కకముందే చెప్పి ఉండేవాణ్ని.

మరి ఏం చేయాలి?

ఒకటి, మూడు నెలలు వరుసగా జీతం రాకపోతే ఊరికే కూర్చోవద్దు. 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న సంస్కరణల ప్రకారం అలాంటి కంపెనీ నుంచి యజమాని అనుమతి లేకుండానే వేరే కంపెనీకి మారే వీలుంది. మారినంత మాత్రాన పాత బాకీ మీద హక్కు పోదు.

రెండు, పని విడిచిన రోజు నుంచి 12 నెలల్లోగా కేసు వేయాలి. అది దాటితే లేబర్ కోర్టు సాధారణంగా వినదు. ముందు మానవ వనరుల శాఖ సయోధ్య విభాగానికి వెళ్లాలి. అక్కడ 21 పని దినాల్లోగా తేలకపోతే లేబర్ కోర్టుకు పోతుంది.

మూడు, కంపెనీ దివాలా కేసులో ఉందని తెలిస్తే అమీన్ ఎవరు, క్లెయిమ్ గడువు ఎప్పుడు అన్నది వెంటనే కనుక్కోవాలి. లేబర్ కేసు వేశాం కదా అని ఊరుకోవద్దు. రెండూ వేరు. క్లెయిమ్‌లో జీతం వేరుగా, సర్వీసు డబ్బు వేరుగా, సెలవుల డబ్బు వేరుగా రాయాలి.

నాలుగు, కాగితాలు. కాంట్రాక్టు కాపీ, ఇకామా, పాస్‌పోర్టు ఫొటోలు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు ఫోన్‌లోనే కాకుండా ఇంటికి కూడా పంపి పెట్టుకోవాలి. ఏ నెల నుంచి జీతం పడలేదో చెప్పే గట్టి సాక్ష్యం ఆ స్టేట్‌మెంటే.

అయిదు, చదవని కాగితం మీద సంతకం వద్దు. ఎగ్జిట్ మీద వెళ్లక తప్పకపోతే రియాద్ రాయబార కార్యాలయంలో గాని, జెద్దా కాన్సులేట్‌లో గాని వకాలత్ రాసిచ్చి, 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి వెళ్లాలి. ఇండియా బ్యాంకు ఖాతా నంబరు కూడా ఇవ్వాలి. ఇకామా గడువు తీరితే ఇక్కడి ఖాతా పనిచేయదు.

బీమా ఉంది, కానీ...

2024 అక్టోబరు 6 నుంచి సౌదీలో విదేశీ కార్మికుల జీతాల బాకీకి బీమా అమల్లోకి వచ్చింది. ప్రైవేటు సంస్థ జీతాలు ఇవ్వలేకపోతే ఒక్కొక్కరికి గరిష్ఠంగా 17,500 రియాళ్ల వరకు, తిరుగు ప్రయాణానికి 1,000 రియాళ్ల వరకు టికెట్ ఖర్చు ఇస్తారు. పైన లెక్క వేసిన మేస్త్రీ లాంటివారికి ఇది పెద్ద ఊరట, ఎందుకంటే బీమా డబ్బు బ్యాంకుల వరుసతో సంబంధం లేకుండా వస్తుంది. అయితే సంస్థలో 80 శాతం మంది కార్మికులకు ఆరు నెలలు జీతాలు ఆగితేనే ఇది వర్తిస్తుంది. అరవై మందిలో ఇరవై మందికి ఎగ్గొట్టే కంపెనీ దీని కిందికి రాదు. ఆరు నెలలు తిండి ఎలాగన్నది కూడా ప్రశ్నే.

ప్రభుత్వాలు అడగాల్సింది

2022 నవంబరులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడికి సౌదీ యువరాజు ఒక హామీ ఇచ్చారు. 2015, 2016లలో దివాలా తీసిన నిర్మాణ కంపెనీల్లో జీతాలు పోగొట్టుకున్న సుమారు పది వేల మంది ఫిలిప్పీన్స్ కార్మికుల కోసం 200 కోట్ల రియాళ్లు కేటాయిస్తామని. 2024లో వారికి చెక్కులు రావడం మొదలైంది. ఏడెనిమిదేళ్ల తర్వాతైనా వచ్చాయి. కారణం, ఆ దేశం తన కార్మికుల పట్టికను పట్టుకుని, కలిసిన ప్రతిచోటా అడుగుతూ వచ్చింది. చట్టంలో వెనక వరుసలో ఉన్న బాకీని దౌత్యం ముందుకు తెచ్చింది.

మన రాష్ట్రాల్లో మృతుల కుటుంబాలకు పథకాలు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు అయిదు లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. మంచిదే. బతికొచ్చి జీతం పోగొట్టుకున్నవాడికి మాత్రం ఒక ఫైలు కూడా లేదు. పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఏ కంపెనీలో ఎవరికి ఎంత బాకీ ఉందో జిల్లాలవారీగా నమోదు చేసే ఒక విభాగం, సౌదీ దివాలా ప్రకటనలను చూసి తెలుగులో ఇక్కడి కార్మికులకు చేరవేసే ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు చాలు. ఆ పట్టిక ఉంటే ఢిల్లీ అడగగలదు. లేకపోతే అడగడానికి ఆధారమే లేదు.

రెండోది సర్వీసు డబ్బు. దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రంలో 2020 నుంచి ఈ సొమ్మును నెలనెలా విడి నిధిలో వేస్తున్నారు. కంపెనీ మునిగినా ఆ నిధి మునగదు. సౌదీలో కూడా అలాంటిది కావాలని మన దేశం ఒప్పందాల్లో అడగాలి.

కొత్త చట్టం వల్ల మనకు ఒక మేలు మాత్రం జరిగింది. వరుస ఎక్కడుందో ఇప్పుడు కాగితం మీద ఉంది. ఆ వరుసలో నిలబడాలంటే ముందు పేరు రాయించుకోవాలి. మీ మెస్సు గోడ మీద అరబీ కాగితం ఏదైనా కనిపిస్తే ఈ రోజే ఎవరితోనైనా చదివించండి.